ఆనందపురం వెళ్తే... ఫోన్ కెమెరాని పూల మీంచి కాస్త కిందకి దించండి!

వైజాగ్ వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్ గ్యాలరీ ఎవరిది తెరిచినా దాదాపు ఒకటే వరస. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం, కురుసుర సబ్‌మెరైన్ ముందు సెల్ఫీ, కైలాసగిరి మీద శివపార్వతులు, రుషికొండ అలలు, చివర్లో అరకు రైలు కిటికీ. అన్నీ బాగుంటాయి. కాకపోతే మీ ఫొటోలూ మీ ఫ్రెండ్ ఫొటోలూ కలిపేస్తే ఏది ఎవరు తీశారో మీరే చెప్పలేరు.

ఈసారి కాస్త వేరేగా ట్రై చేద్దామనుకునే వాళ్లకి ఒక ఊరు చెబుతాను... ఆనందపురం. అక్కడ చూడాల్సింది బుట్టలు, దారం ఉండలు, కాటాలు, టీ గ్లాసులు. నవ్వకండి. రోజూ వాడే మామూలు వస్తువుల్ని ఓపిగ్గా చూసి ఫొటో తీయడం ఫైన్ ఆర్ట్ ఫొటోగ్రఫీలో ఒక పెద్ద దారి. దానికి దాదాపు 180 ఏళ్ల చరిత్ర ఉంది. ఆ దారిలో నడవడానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మీ జేబులో ఉన్న ఫోన్ చాలు.

రోడ్లు కలిసే ఊరు

విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద బయల్దేరితే మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది దాటాక గంభీరం వస్తుంది. విశాఖపట్నం ఐఐఎం క్యాంపస్ అక్కడే. దాని తర్వాతే ఆనందపురం. సిటీ నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. తగరపువలస వెళ్లే బస్సు ఎక్కితే దారిలోనే దిగొచ్చు.

ఇది కూడలి ఊరు. ఒక రోడ్డు సముద్రం వైపు భీమిలికి పోతుంది. హైవే విజయనగరం, శ్రీకాకుళం వైపు సాగిపోతుంది. ఇంకో పక్క పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా ఆరు వరుసల రోడ్డు, దాదాపు 50 కిలోమీటర్లు. సిటీలోకి రావాల్సిన పనిలేని లారీలన్నీ అటు నుంచి అటే వెళ్లిపోతాయి. అందుకే చాలామందికి ఆనందపురం అంటే దాటిపోయే ఒక బోర్డు, ఒక ఫ్లైఓవర్. అంతే.

పూల వ్యాపారులకి మాత్రం అలా కాదు. ఉత్తరాంధ్రలో పూల మార్కెట్ అనగానే గుర్తొచ్చే పేర్లలో ఆనందపురం ముందుంటుంది. బంతి, చామంతి, మల్లె, కనకాంబరం, లిల్లీ, గులాబీ... తెల్లవారుజామునే ఇక్కడ చేతులు మారతాయి. శ్రావణ మాసం, దసరా, కార్తీకం, పెళ్లి ముహూర్తాలు వచ్చాయంటే సందడే సందడి.

ఫోన్ పట్టుకుని వచ్చినవాళ్లు అందరూ ఒకటే తీస్తారు. బంతిపూల గుట్ట. పసుపు, నారింజ. పైనుంచి ఒక షాట్, దగ్గర్నుంచి ఒక షాట్. రీల్ రెడీ. తప్పేం లేదు, పూలు అందంగానే ఉంటాయి కదా. కానీ ఇవాళ తీసిన బంతి రేపటికి వాడిపోతుంది. ఆ పూలని మోసినవి, తూచినవి, కట్టినవి మాత్రం రేపు కూడా అక్కడే ఉంటాయి. ఎల్లుండి కూడా. వాటి వైపు ఎవరూ చూడరు.

ఏమున్నాయో చూద్దాం. అంచు అరిగిన వెదురు బుట్ట. నీళ్లు చల్లి చల్లి నల్లబడిన గోనె పట్టా. పళ్లెం ఒక వైపు సొట్టపోయిన కాటా. తెల్ల దారం ఉండ, దాని పక్కన తడిపి పెట్టిన అరటి నార. పూల మీద నీళ్లు చిలకరించే ప్లాస్టిక్ మగ్గు. ఎవరో తాగి కింద పెట్టిన టీ గ్లాసు, అందులో రాలి పడిన ఒక రేకు. ఈ గ్లాసు దగ్గరే మన అసలు కథ మొదలవుతుంది.

చీపురుకి దొరికిన గౌరవం

ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో మామూలు వస్తువులే దానికి దిక్కు. ఎందుకంటే అప్పట్లో ఒక బొమ్మ పడటానికి చాలాసేపు పట్టేది. మనుషులు కదులుతారు. గుర్రాలు కదులుతాయి. కప్పులు, గ్లాసులు కదలవు! ఇంగ్లండ్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బాట్ అనే ఆయన చైనా పింగాణీ సామాన్లని, గాజు సామాన్లని అరల్లో వరసగా పేర్చి ఫొటోలు తీశారు. 1844లో ఆయన తీసిన 'ది ఓపెన్ డోర్' అన్న ఫొటోలో ఒక తెరిచిన తలుపు ఉంటుంది. దాని పక్కన గోడకి ఆనించిన చీపురు. చీపురు నీడ ఏటవాలుగా తలుపు మీద పడుతూ ఉంటుంది. లోపల చీకటి. అంతే ఫొటో! ఫొటోగ్రఫీ చరిత్ర పుస్తకాల్లో ఈ చీపురు తప్పకుండా కనిపిస్తుంది.

తర్వాత కెమెరాలు వేగం పుంజుకున్నాయి. అయినా కొందరు వస్తువుల్ని వదల్లేదు. 1928లో ప్యారిస్‌లో ఆంద్రే కెర్టెస్ ఒక ఫోర్కుని పళ్లెం అంచు మీద ఆనించి తీశారు. ఫోర్కు, పళ్లెం, వాటి నీడలు. ఇంకేం లేదు. రోజూ మూడు పూటలా చేతిలో ఉండే వస్తువుకి ఇంత గీత ఉందా అనిపిస్తుంది ఆ ఫొటో చూస్తే.

1930లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక క్యాప్సికమ్ వెంట పడ్డారు. మనం బెంగళూరు మిర్చి అంటామే, అదే. రకరకాలుగా పెట్టి చూశారు, ఏదీ కుదర్లేదు. చివరికి దాన్ని ఒక రేకు గరాటాలో పెట్టారు. గరాటా లోపలి మెరుపు మిర్చి చుట్టూ మెత్తగా వెలుగు పరిచింది. ఆ ఫొటో పేరు 'పెప్పర్ నంబర్ 30'. పేరులో 30 ఊరికే రాలేదు. కనీసం అన్నిసార్లు తీశారాయన. చూసినవాళ్లకి అది ఒకసారి మిర్చిలా, ఒకసారి వెన్ను వంచి కూర్చున్న మనిషిలా కనిపిస్తుంది. కూరగాయ మారలేదు. చూసే పద్ధతి మారింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో కూడా గ్లాసు ఫొటో ఉంటుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, మచ్చ లేదు, నీడ లేదు. అది కొనుక్కోమని చెప్పే ఫొటో. ఎవరి చెయ్యీ ఇంకా తగలని వస్తువు అది. ఆర్ట్ ఫొటోగ్రాఫర్‌ వెతికేది సాధారణంగా దీనికి అటువైపు. ఎక్కడ అరిగింది, ఎక్కడ వంగింది, వెలుతురు దేని మీద ఆగింది... ఇవే ఆయనకి కావాలి.

"బుట్టనెందుకు తీత్తన్నావు బాబూ?"

ఈ లెక్కలన్నీ బుర్రలో పెట్టుకుని ఆనందపురం మార్కెట్లో నేను ఒక వెదురు బుట్ట ముందు గొంతుక్కూర్చున్నాను. అప్పటికి భీమిలి వైపు నుంచి ఎండ ఏటవాలుగా వస్తోంది. ఆ వెలుతురులో బుట్ట అల్లికలోని ప్రతి బద్దకీ ఒక సన్నటి నీడ. మేదర్లు అల్లిన బుట్ట, ఖాళీగా ఉంది. ఎన్నో ఏళ్ల తడికి అడుగు భాగం నల్లబడింది. అంచు చుట్టూ ఒక చోట మాత్రం ఎర్ర గుడ్డ గట్టిగా చుట్టి ఉంది.

పక్కనే దండలు కడుతున్న ఒకావిడ నన్ను చూసి చూసి అడిగింది.

"ఏటి బాబూ, పువ్వులు తియ్యక పాత బుట్ట తీత్తన్నావు?"

"బుట్ట బాగుందమ్మా."

"బాగుందా!" అని పక్కావిడ వైపు తిరిగి నవ్వింది. "దీని బద్దలు లేసిపోయి సెయ్యి కోసేత్తంది నాకు. అందుకే గుడ్డ సుట్టినాను. మా పాప సిన్నప్పటి లంగా అది."

అప్పటిదాకా ఆ ఎర్ర గుడ్డ నాకు ఫ్రేములో అందమైన ఒక రంగు. నల్లటి వెదురు మీద ఎర్రటి ముక్క, అదిరిపోయే కాంట్రాస్ట్. ఆ మాట విన్నాక అదే గుడ్డ వేరేగా కనిపించింది. అది కోసుకుపోయిన చెయ్యి. అది పెద్దదైపోయిన ఒక అమ్మాయి లంగా. ముఖం లేకుండానే ఆ గుడ్డలో ఇద్దరు మనుషులున్నారు. కెమెరాని ఇంకాస్త దగ్గరికి తీసుకెళ్లి, బుట్ట సగం వదిలేసి, గుడ్డ చుట్టిన చోటునే తీశాను.

స్క్రీన్ చూపిస్తే తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుని ఫోన్ తీసుకుంది. చాలాసేపు చూసింది. "నా బుట్టేనా ఇది?" అంది. తర్వాత, "మా పాప ఫోన్‌కి పంపు బాబూ, దాని లంగా ఎక్కడుందో సూసుకుంటాది" అంది. అక్కడికక్కడే పంపాను.

అందం ఎవరిది?

ఇలాంటి ఫొటోలు తీసేటప్పుడు మనల్ని మనం అడుక్కోవాల్సిన ప్రశ్న ఒకటుంది. అరిగిన వస్తువు ఫొటోలో అందంగా ఉంటుంది. నిజమే. కానీ అది అరిగింది ఎవరి చేతుల్లో? మనం దానికి నలుపు తెలుపు ఫిల్టర్ వేసి, 'పల్లె అందం' అని క్యాప్షన్ పెట్టి, లైకులు లెక్కపెట్టుకుంటాం. ఆ బుట్ట మోసేవాళ్లకి అది అందం కాదు, పని. ఒక్కోసారి నొప్పి.

అలాగని తీయడం మానేయాలా? అక్కర్లేదు. అడిగి తీయాలి. ఆ వస్తువు గురించి రెండు మాటలు వినాలి. తీసింది చూపించాలి. వినకుండా తీస్తే మనకి దొరికేది రంగు, ఆకారం. విన్నాక తీస్తే ఫ్రేము ఎక్కడ ఆపాలో వస్తువే చెబుతుంది. నా మట్టుకు నాకు తేలిందేమిటంటే, వస్తువు ఫొటో అంటే దాన్ని వాడే మనిషి ఫొటోనే. ముఖం ఒక్కటే ఉండదు.

ఆనందపురంలో దీనికి ఇంకో మంచి ఉదాహరణ ఉంది. దండ అమ్మేటప్పుడు కొలబద్ద ఏది? మూర. అంటే మోచేయి నుంచి మధ్యవేలి చివరి దాకా. దండలు అమ్మేవాళ్ల పనిముట్లన్నీ నేల మీద వరసగా పెట్టి ఫొటో తీద్దామనుకోండి. దారం పెట్టొచ్చు, కత్తెర పెట్టొచ్చు, నీళ్ల మగ్గు పెట్టొచ్చు. కొలబద్ద మాత్రం పెట్టలేరు. అది మనిషి భుజానికే ఉంది!

చెంబు గొప్పదనం చెప్పినవాళ్లు

మనం రోజూ చూసి చూసి పట్టించుకోని వస్తువుని బయటివాళ్లు వచ్చి మెచ్చుకున్న సందర్భం ఒకటుంది. 1958లో అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వం పిలుపు మీద దేశమంతా తిరిగి 'ది ఇండియా రిపోర్ట్' రాశారు. ఇక్కడ చూసిన వస్తువులన్నిటిలో వాళ్లు అన్నిటికంటే గొప్పదని చెప్పింది ఏ సింహాసనాన్నో కాదు... లోటాని! మన చెంబుని. దాన్ని ఏ ఒక్కరో కూర్చుని డిజైన్ చేయలేదు. తరతరాలుగా ఎందరో మనుషుల చేతుల్లో అది ఆ రూపానికి వచ్చింది. నడుము మీద ఎలా ఇముడుతుంది, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ ఎలా నిలబడుతుంది, నీళ్లు ఎలా వంపుతుంది, లోపల తోమడానికి చెయ్యి పడుతుందా... ఇలా ఎన్నో కోణాల్లో చెంబుని చూశారు వాళ్లు. ఆ రిపోర్టు తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మొదలైంది.

ఆనందపురం నుంచి అదే హైవే మీద ఉత్తరానికి వెళ్తే శ్రీకాకుళం జిల్లాలో ఇత్తడి సామాన్లకి పేరున్న బుడితి. దక్షిణానికి వెళ్తే అనకాపల్లి జిల్లాలో అంకుడు కర్రని లక్కతో మెరిపించే ఏటికొప్పాక. ఆ మధ్యలో మన పూల బుట్టలు. ఒక్క రోడ్డు మీద ఎన్ని వస్తువులో చూశారా?

మన ఫొటోగ్రాఫర్లూ ఈ దారిలో నడిచారు. 2022 జనవరిలో కన్నుమూసిన గుడిమల్ల భరత్ భూషణ్ బతుకమ్మనీ, తెలంగాణ పల్లె జీవితాన్నీ ఏళ్ల తరబడి ఓపిగ్గా ఫొటోల్లో దాచిపెట్టారు. దయానితా సింగ్ 2013లో 'ఫైల్ రూమ్' అనే పుస్తకం వేశారు. అందులో ఏముంటాయో తెలుసా? పాత ఆఫీసుల్లో గుడ్డల్లో మూటలు కట్టి అరల్లో పేర్చిన కాగితాలు! మన తాలూకా ఆఫీసుల్లో దుమ్ము పట్టి ఉండేవే. 2022లో ఆమెకి ఫొటోగ్రఫీలో ప్రపంచంలోనే పెద్ద గౌరవాల్లో ఒకటైన హాసెల్‌బ్లాడ్ అవార్డు వచ్చింది.

క్రేటు కూడా తీయండి

మార్కెట్లో ఇప్పుడు వెదురు బుట్టల పక్కనే ప్లాస్టిక్ క్రేట్లు కనిపిస్తాయి. నీలం, ఎరుపు, పసుపు. ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు, కడిగితే శుభ్రమవుతాయి, వ్యాన్‌లో చోటు కలిసొస్తుంది. "అయ్యో, బుట్టలు పోతున్నాయే!" అని మనం నిట్టూర్చడం తేలిక. నేను బుట్ట ఫొటో తీసిన ఆవిడనే అడిగాను, క్రేటు ఎలా ఉందని. "తేలిక బాబూ. సెయ్యి కొయ్యదు కదా" అంది. ఆ ఒక్క మాటతో నా నిట్టూర్పు ఆగిపోయింది.

కాబట్టి క్రేటుని కూడా తీయండి. దాని మీద ఎవరిదో తెలియడానికి పెయింట్‌తో రాసిన వంకర అక్షరాలుంటాయి. విరిగిన మూలకి తీగతో వేసిన కట్టు ఉంటుంది. ఇంకో ఇరవై ఏళ్లకి అదీ పాత వస్తువే అవుతుంది. బుట్టని తీయడానికి మాత్రం తొందర ఉంది. అవి తగ్గుతున్న కొద్దీ వాటిని అల్లే చేతులకి పని తగ్గుతుంది. ఏ చోట బద్ద ఎలా వంగుతుందో తెలిసిన ఆ చేతి లెక్క ఎక్కడా రాసి లేదు. మంచి ఫొటో ఆ లెక్కని పూర్తిగా కాపాడలేదు. కనీసం ఇలాంటిది ఒకటి ఉండేదని చెబుతుంది.

ఫోన్‌తో ఎలా తీయాలి?

వెలుతురే సగం పని. ఎండ ఏటవాలుగా పడే పొద్దున, సాయంత్రం మంచివి. మిట్టమధ్యాహ్నం నీడలు వస్తువు కిందే ముడుచుకుపోతాయి, గరుకుతనం కనపడదు. ఫ్లాష్ ఆపేయండి.

వంగండి. నిలబడి పైనుంచి తీస్తే బుట్ట ఒక గుండ్రటి మచ్చ. దాని ఎత్తుకి దిగితే దానికి భుజాలు, నడుము వస్తాయి. అమెరికాలో విలియం ఎగుల్‌స్టన్ ఒక పిల్లల మూడు చక్రాల సైకిల్‌ని నేలబారున కెమెరా పెట్టి తీశారు. ఇంటికంటే, కారుకంటే సైకిలే పెద్దగా కనిపిస్తుంది అందులో.

జూమ్ వాడకండి, నడిచి దగ్గరికెళ్లండి. స్క్రీన్ మీద వస్తువుని తాకి పట్టుకుంటే ఫోకస్ ఆగుతుంది. వేలు కిందకి జరిపితే వెలుగు తగ్గుతుంది. కాస్త చీకటిగా తీస్తే రంగులు నిండుగా వస్తాయి.

వస్తువుని మీరు సర్దకండి. మార్కెట్లో అయితే అసలే వద్దు, వాళ్ల పని చెడిపోతుంది. బేరం జరుగుతున్నప్పుడు అడ్డు రాకండి. అడగండి, తీయండి, చూపించండి. వీలైతే ఒక మూర పూలు కొనండి.

అన్నిటికంటే ముఖ్యం, ఒకే వస్తువుని కనీసం పదిసార్లు తీయండి. మొదటి మూడు ఫొటోలు అందరూ తీసేవే. నాలుగో దాని నుంచి మీవి మొదలవుతాయి.

ఆనందపురం దాకా వెళ్లలేకపోతే?

పర్లేదు. చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుడెక్ మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి కుడిచెయ్యి పోగొట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ప్రాగ్ నగరం నాజీల చేతుల్లో ఉంది, వీధుల్లో కెమెరాతో తిరిగే రోజులు కావు. ఆయన తన స్టూడియో కిటికీ దగ్గరే ఉండిపోయారు. ఆవిరి పట్టిన అద్దం, కిటికీ గట్టు మీద నీళ్ల గ్లాసు, ఒక గుడ్డు, ఒక పువ్వు... ఏళ్ల తరబడి అవే తీశారు. ఒక్క కిటికీ ఆయనకి ఒక ప్రపంచం అయింది.

మీ వంటింటికీ ఒక కిటికీ ఉంటుంది కదా. దాని దగ్గర పిడి వదులైన అట్లకాడ ఉండొచ్చు. అమ్మ మాత్రమే తిప్పగలిగే పాత మిక్సీ మూత ఉండొచ్చు. నాయనమ్మ పేరు చెక్కిన స్టీలు గ్లాసు ఉండొచ్చు. రేపు పొద్దున ఎండ దాని మీద పడే టైము చూసుకోండి. ఫొటో తీసే ముందు, ఇది ఎప్పటిదని ఇంట్లో ఒకసారి అడగండి. వాళ్లు చెప్పడం మొదలుపెట్టాక ఫోన్ కాసేపు పక్కన పెట్టినా ఫర్వాలేదు. గ్లాసు ఎక్కడికీ పోదు.